ఏడేళ్లంటే ఏడేళ్లే: ఒలీవియా డి హావిలాండ్ కేసు

(మహిళా కార్యకర్తల శిక్షణ శిబిరంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)



‘పనిచేసే ఆడవాళ్లు – ఒప్పందాలు’ అన్న విషయం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. నేను ఒక హాలీవుడ్ తార గురించి చెబుతానంటే నిర్వాహకులు కాస్త కంగారుపడ్డారు. “బీడీ కార్మికుల గురించో, ఇళ్లలో పనిచేసే వాళ్ల గురించో చెప్తారనుకున్నాం” అన్నారు. వాళ్ల అనుమానం న్యాయమైనదే. పట్టుచీర కట్టుకుని కారు దిగే ఆడదాని కష్టం కష్టంలా కనిపించదు. అయినా ఈ కథ చెప్పడానికి నాకో కారణం ఉంది. ముందు ఆ కారణం చెబుతాను.

కొన్నాళ్ల కిందట మా సలహా కేంద్రానికి ఒక నర్సు వచ్చింది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రెండేళ్ల బాండు మీద చేరింది. చేరిన రోజే పదో తరగతి నుంచి నర్సింగు దాకా ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ వాళ్లు తీసుకుని బీరువాలో పెట్టేశారు. మధ్యలో ఆమెకు కాన్పు అయింది. రెండేళ్లు నిండాక మానేస్తానని కాగితం ఇస్తే, “నువ్వు సెలవులో ఉన్న 5 నెలలూ లెక్కలోకి రావు, అవి కూడా చేసి వెళ్లు” అన్నారట. ఆమె బాండు కాగితం నకలు చూపించింది. నిజంగానే అందులో ఆ మాట రాసి ఉంది. కింద ఆమె సంతకం ఉంది. “సంతకం పెట్టాను కదండీ, ఇక ఏం చేస్తాం” అని మా కంటే ముందు ఆమే అంది.

ఆ రాత్రి నాకు లా కాలేజీలో చదువుకున్న ఒక అమెరికా కేసు గుర్తొచ్చింది. సంగతి అచ్చంగా ఇదే. పని చేయని రోజుల్ని ఒప్పందం చివర కలపొచ్చా? సంతకం పెట్టిన మనిషి తన హక్కుని తనే వదులుకున్నట్టా? ఆ ప్రశ్నని కోర్టుకి తీసుకెళ్లింది ‘గాన్ విత్ ద విండ్’లో మెలనీగా వేసిన ఒలీవియా డి హావిలాండ్.

ఒలీవియా 1916 జులై 1న టోక్యోలో పుట్టింది. తల్లిదండ్రులు ఇంగ్లీషు వాళ్లు. తండ్రి అక్కడ పేటెంట్ల వకీలు. తల్లి లిలియన్ రంగస్థల నటి. 1919లో తల్లి ఇద్దరు ఆడపిల్లల్ని తీసుకుని కాలిఫోర్నియా వచ్చేసింది. ఆ తర్వాత తండ్రి వాళ్ల జీవితంలో పెద్దగా లేడు. మారుతండ్రి ఫాంటేన్ అనే ఆయన ఇంట్లో సైన్యం నడిపినట్టు నడిపేవాడు. బడిలో నాటకం వేస్తానంటే వల్లకాదన్నాడు. నాటకమైనా మానుకో, ఇల్లయినా వదులుకో అంటే ఆ పిల్ల ఇల్లే వదులుకుని స్నేహితుల ఇంట్లో ఉండి నాటకం వేసింది. చెల్లెలు జోన్ తర్వాత ఆ మారుతండ్రి ఇంటిపేరుతోనే జోన్ ఫాంటేన్‌గా పెద్ద తార అయింది. అక్కాచెల్లెళ్లకు పడేది కాదన్న కబుర్ల మీద పత్రికలు ఎన్ని టన్నుల కాగితం ఖర్చు పెట్టాయో చెప్పలేం. ఇద్దరు అన్నదమ్ములకు పడకపోతే అంత రాస్తారా అని నా సందేహం. ఆ జోలికి నేను పోను.

1934లో మాక్స్ రైన్‌హార్ట్ అనే ఆస్ట్రియన్ దర్శకుడు హాలీవుడ్ బౌల్‌లో షేక్‌స్పియర్ నాటకం ‘ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’ వేయించాడు. అందులో హెర్మియా పాత్ర వేయాల్సిన నటి తప్పుకోవడంతో 18 ఏళ్ల ఒలీవియాకు ఆ పాత్ర దక్కింది. వార్నర్ బ్రదర్స్ వాళ్లు అదే నాటకాన్ని సినిమాగా తీస్తూ ఆమెను కూడా తీసుకున్నారు. దానితో పాటు ఒప్పందం మీద సంతకం కూడా తీసుకున్నారు. టీచరు అవుదామనుకున్న అమ్మాయి స్టూడియో ఉద్యోగి అయింది.

ఉద్యోగి అన్న మాట ఊరికే వాడలేదు. ఆ రోజుల్లో హాలీవుడ్ తారలు నెలజీతగాళ్లలాంటి వారజీతగాళ్లు. సినిమాకింత అని కాదు, వారానికింత. 1936లో ఒలీవియాతో వార్నర్ వాళ్లు కొత్తగా ఏడేళ్ల ఒప్పందం చేసుకున్నారు. ఇందులో కిటుకు వినండి. ఏడేళ్లూ బందీ అయ్యేది నటి మాత్రమే. కంపెనీకి మాత్రం గడువు గడువుకీ ఆమెను ఉంచుకోవాలా, పంపేయాలా అని తేల్చుకునే వీలుంటుంది. ఏ వేషం ఇస్తే అది వేయాలి. వేయనంటే సస్పెన్షన్. ఆ పాత్ర వేరే నటి వేసి ఆ సినిమా పూర్తయ్యేదాకా జీతం ఉండదు, ఇంకో కంపెనీలో చేయడానికీ వీల్లేదు. ఇంతా చేసి, ఆ సస్పెన్షన్ రోజుల్ని ఏడేళ్ల చివర కలుపుతారు. అంటే కాదన్న ప్రతిసారీ సంకెలకి ఇంకో లంకె తగిలించినట్టే. ఇది కాక కంపెనీ ఆమెను వేరే కంపెనీకి అద్దెకి ఇవ్వొచ్చు. అద్దె ఎంతొచ్చినా ఆమెకి వచ్చేది మామూలు జీతమే.

వేషాల సంగతి చూస్తే, ఎరోల్ ఫ్లిన్ పక్కన ఆమె 8 సినిమాలు చేసింది. ‘కెప్టెన్ బ్లడ్’ (1935), ‘ది అడ్వెంచర్స్ ఆఫ్ రాబిన్ హుడ్’ (1938) అందులోవే. మంచి సినిమాలే, ఇప్పటికీ చూడొచ్చు. కానీ ఆమె పని ఏమిటి? హీరో కత్తి తిప్పి వచ్చేదాకా ఎదురుచూడటం, వచ్చాక కళ్లు పెద్దవి చేసి చూడటం. మన సినిమాల్లో హీరోయిన్లకి ఇప్పటికీ ఆ ఎదురుచూపుల ఉద్యోగం పోలేదనుకోండి. సెల్జ్‌నిక్ ‘గాన్ విత్ ద విండ్’ తీస్తూ మెలనీ పాత్రకు ఆమెను అడిగితే జాక్ వార్నర్ పంపనన్నాడు. ఒలీవియా ఆయన భార్య ఆన్‌ని టీకి పిలిచి తన గోడు చెప్పుకుంది. ఆవిడ మాటతో వార్నర్ దిగొచ్చాడు. ఒక పెద్ద నటి తనకు కావలసిన పని కోసం యజమాని భార్యని బతిమాలుకోవాల్సిన పరిస్థితి! మన పల్లెల్లో దొరసానిని ఆశ్రయించే కూలి ఆడవాళ్లు గుర్తు రావడం లేదూ?

‘గాన్ విత్ ద విండ్’ పేరెత్తాను కాబట్టి ఇక్కడ ఒక నిమిషం ఆగాలి. ఆ సినిమా బానిసత్వాన్ని ముద్దుగా చూపించిన సినిమా, అందులో నాకేమీ సందేహం లేదు. అందులో మెలనీగా వేసినందుకు ఒలీవియాకు సహాయ నటి విభాగంలో ఆస్కార్ నామినేషన్ వచ్చింది. బహుమతి మాత్రం అదే సినిమాలో దాదిగా వేసిన నల్లజాతి నటి హాటీ మెక్‌డానియల్‌కు వచ్చింది. ఆస్కార్ అందుకున్న మొట్టమొదటి నల్లజాతి మనిషి ఆమె. 1939 డిసెంబరులో అట్లాంటాలో ఆ సినిమా తొలి ప్రదర్శన జరిగితే జాతివివక్ష చట్టాల వల్ల ఆమె వెళ్లలేకపోయింది. 1940లో బహుమతి ఇచ్చిన హోటల్లో ఆమెను తన సినిమా వాళ్లతో కాక గోడ వారన విడిగా ఒక చిన్న బల్ల దగ్గర కూర్చోబెట్టారు. బహుమతి వచ్చాక కూడా ఆమెకి దొరికినవి పనిమనిషి వేషాలే. నేను ఒలీవియా కథ చెబుతున్నప్పుడు మీరు ఈ బల్లని మర్చిపోకండి. ‘నాకు తగ్గ పాత్ర ఇవ్వండి’ అని కోర్టుకు వెళ్లగలగడం కూడా ఒక మెట్టు పైకెక్కిన తర్వాతే సాధ్యం.

తిరిగి ఒప్పందం దగ్గరికి వద్దాం. ‘హోల్డ్ బ్యాక్ ద డాన్’ (1941)కు ఆమెకు ఉత్తమ నటి నామినేషన్ వచ్చింది. అది కూడా అద్దెకి వెళ్లి పారమౌంట్‌లో చేసిందే. అంటే ఆమె మంచి పని అంతా బయట జరుగుతోంది, సొంత కంపెనీలో మాత్రం పాత వేషాలే. ఆమె కాదనడం మొదలుపెట్టింది. సస్పెన్షన్లు పడ్డాయి. 1943 మే నెలలో ఏడేళ్లు నిండాయి. ఇక సెలవు అనుకునేసరికి, నువ్వు ఇంకా 25 వారాలు బాకీ ఉన్నావని కంపెనీ చెప్పింది.

ఈ సరికి ఆమె ముందు ఒక ఓటమి ఉంది. అదే కంపెనీలో బెట్టీ డేవిస్ అనే మహానటి 1936లో ఇలాగే విసిగిపోయి, ఇంగ్లండ్ వెళ్లి అక్కడ సినిమా చేయబోయింది. వార్నర్ వాళ్లు లండన్ కోర్టులో దావా వేశారు. కంపెనీ తరఫు వకీలు సర్ పాట్రిక్ హేస్టింగ్స్ ఆమెను ఎక్కువ డబ్బు కోసం పేచీ పెడుతున్న అల్లరి పిల్లగా చూపించాడు. కోర్టు కంపెనీ వైపే తీర్పు ఇచ్చింది. ఆమె వేరే చోట నటించకూడదని ఆంక్ష పెట్టింది. ఒప్పందం ప్రకారం పనిచేయమని బలవంతం చేయలేం గానీ, ఇంకెక్కడా ఆ పని చేయకుండా ఆపగలం అన్నది ఆ తీర్పు సారం. నటన తప్ప వేరే పని చేసుకుని బతకొచ్చు కదా అన్నారు. ఆ కేసు ఆమె పెళ్లయిన పేరు మీద ‘వార్నర్ బ్రదర్స్ వర్సెస్ నెల్సన్’ అని మన దేశంలో కూడా లా విద్యార్థులు చదువుతారు. నేనూ చదివాను. తరగతిలో ఎవరూ ఆ అమ్మాయి ఎందుకు పారిపోయిందని అడిగిన గుర్తు లేదు.

ఒలీవియాకు మార్టిన్ గాంగ్ అనే వకీలు దొరికాడు. ఆయన సినిమా చట్టాలు చూడలేదు, కార్మిక చట్టం చూశాడు. కాలిఫోర్నియా లేబర్ కోడ్‌లో 2855 అని ఒక సెక్షన్ ఉంది. వ్యక్తిగత సేవ చేసే ఒప్పందాన్ని ఏడేళ్లు దాటాక ఉద్యోగి మీద అమలు చేయించడానికి వీల్లేదని అది చెబుతుంది. నిజానికి ఈ నియమం 1872 నాటి కాలిఫోర్నియా సివిల్ కోడ్‌లోనే ఉంది. అప్పుడు గడువు రెండేళ్లే. తర్వాత ఐదు, 1931లో ఏడు చేశారు. 1872 అంటే మన కాంట్రాక్టు చట్టం వచ్చిన సంవత్సరమే. అక్కడి చట్టంలో ఉన్న ఈ గడువు మన చట్టంలోకి రాలేదు.

1943 ఆగస్టులో లాస్ ఏంజెలిస్ సుపీరియర్ కోర్టులో కేసు వేశారు. నష్టపరిహారం అడగలేదు. ఈ ఒప్పందం ముగిసిందని ప్రకటించండి అని మాత్రమే అడిగారు. కంపెనీ వాదన, ఏడేళ్లంటే ఏడేళ్ల అసలు పని అని. ఆమె వాదన, ఏడేళ్లంటే క్యాలెండర్‌లో ఏడేళ్లు అని. కేసంతా ఈ ఒక్క ముక్క మీదే. కంపెనీ వకీలు ఆమెను బోనులో నిలబెట్టి, ఫలానా రోజు మీరు పనికి నిరాకరించారా లేదా అని గద్దిస్తే, నిరాకరించలేదు, వద్దని చెప్పాను అని సర్దిచెప్పేదాన్నని ఆమె తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పుకుంది. కోపం రాకుండా చూసుకోవడం కూడా వాళ్లు వేసిన పథకంలో భాగమే. బెట్టీ డేవిస్ మీద వేసిన ‘అల్లరి పిల్ల’ ముద్ర తన మీద పడకూడదని.

కింది కోర్టులో గెలిచింది. జాక్ వార్నర్ ఊరుకోలేదు, అప్పీలుకి వెళ్లాడు. ఊళ్లో ఉన్న సినిమా కంపెనీలన్నిటికీ ఉత్తరాలు రాశాడు. ఈమె మా మనిషి, ఎవరైనా పని ఇచ్చారో జాగ్రత్త అని. రెండేళ్ల పాటు ఆమెకు ఒక్క సినిమా లేదు. 27, 28 ఏళ్ల వయసులో, ఆ రంగంలో నటికి అవి ఎంత విలువైన ఏళ్లో మీకు తెలుసు. కేసుకి తన చేతి డబ్బు 13,000 డాలర్లు ఖర్చయిందని ఆమె చెప్పేది. ఆ రోజుల్లో ఖాళీగా కూర్చోలేదు. యుద్ధంలో గాయపడ్డ సైనికుల్ని పలకరించడానికి అలాస్కా వైపు, పసిఫిక్ దీవుల వైపు ఆసుపత్రులకు తిరిగింది. ఫిజీలో న్యుమోనియా వచ్చి పడిపోయింది.

1944 డిసెంబరు 8న అప్పీలు కోర్టు కూడా ఆమె వైపే తీర్పు చెప్పింది. ఏడేళ్లంటే క్యాలెండర్ ఏడేళ్లే అంది. ఆ తీర్పులో మనకి అసలు పనికొచ్చేది ఇంకోటి ఉంది. కంపెనీ వాళ్లు, ఆమె తనంతట తానే సంతకం పెట్టి ఆ రక్షణని వదులుకుంది కదా అన్నారు. కోర్టు ఒప్పుకోలేదు. పనివాళ్ల మేలు కోసం, లోకం మేలు కోసం చట్టం పెట్టిన రక్షణని ఒక్కొక్కరి చేత సంతకం పెట్టించుకుని తీసేయగలిగితే ఇక ఆ చట్టం ఎందుకు అన్నట్టుగా తేల్చింది. మనిషి పనిలో అనుభవం సంపాదించిన కొద్దీ పైకి వెళ్లే అవకాశం, మంచి జీతం వెతుక్కునే అవకాశం ఉండాలని కూడా చెప్పింది. నటీనటులకి ఆ చట్టం నుంచి మినహాయింపు లేదంది. 1945 మొదట్లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు కేసును తిరగదోడడానికి ఒప్పుకోలేదు. దాంతో అది స్థిరపడింది. ఇవాళ్టికీ ఆ నియమాన్ని ‘డి హావిలాండ్ లా’ అనే అంటారు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన మగ నటులకూ అది ఉపయోగపడింది. 1987లో పాటల రికార్డు కంపెనీలు పలుకుబడితో దానికి ఒక సవరణ తెచ్చి, గాయకుల మీద నష్టపరిహారం దావా వేసే దారి మాత్రం సంపాదించుకున్నాయి. యాజమాన్యాలు ఓడిపోయిన చోట ఓపిగ్గా కూర్చుంటాయి, మనమే మర్చిపోతాం.

సుమారు ఆ కాలంలోనే మన దగ్గర కాంచనమాల ఉంది. జెమినీ వారి ‘బాలనాగమ్మ’ (1942) తర్వాత, కంపెనీతో ఒప్పందం తగాదా వల్ల ఆమె నటన ఆగిపోయిందని మన సినిమా చరిత్రలు రాస్తాయి. ఆరోగ్యం చెదిరిపోయింది. మళ్లీ తెర మీద కనిపించింది 1963లో ‘నర్తనశాల’లో, ఒక చిన్న వేషంలో. ఆమె గురించి రాసినవాళ్లంతా అందం గురించి, పిచ్చి గురించి రాశారు. ఆమె ఒప్పందం కాగితంలో ఏముందో ఒక్కరూ అడగలేదు.

విడుదలయ్యాక ఒలీవియా ఏం చేసిందో చూడండి. ‘టు ఈచ్ హిజ్ ఓన్’ (1946)లో పెళ్లి కాకుండానే తల్లయి, కన్నకొడుకుని వేరేవాళ్ల ఇంట్లో పెరుగుతుంటే చూస్తూ బతికే స్త్రీగా వేసింది. దానికి ఆస్కార్ వచ్చింది. ‘ది స్నేక్ పిట్’ (1948)లో పిచ్చాసుపత్రిలో ఉన్న స్త్రీగా వేసింది. ఆ పాత్ర కోసం నిజం ఆసుపత్రులకు వెళ్లి రోగుల్నీ, చికిత్స పద్ధతుల్నీ దగ్గర నుంచి చూసింది. అలంకారం లేదు, జుట్టు చెదిరిపోయి, మొహం పాలిపోయి కనిపిస్తుంది. అమెరికాలో పిచ్చాసుపత్రుల స్థితి మీద చర్చ లేవడానికి ఆ సినిమా తోడ్పడింది. మన కార్యకర్తలు తప్పకుండా చూడాల్సిన సినిమా అది. ‘ది హైరెస్’ (1949)లో తండ్రి చులకన, ప్రేమికుడి దురాశ రెండూ తెలుసుకున్న కూతురు. చివర్లో ఆమె దీపం పట్టుకుని మెట్లెక్కి వెళుతుంటే బయట అతను తలుపు బాదుతూ ఉంటాడు. దానికి రెండో ఆస్కార్. ఈ మూడు పాత్రల్లో ఒక్కటి కూడా పాత ఒప్పందం కింద ఆమెకి వచ్చి ఉండేది కాదని నా నమ్మకం.

ఆమెను వీరవనితని చేసి పూలదండ వేయాలన్న ఉద్దేశం నాకు లేదు. 1946లో సియాటిల్‌లో ఒక సభలో చదవడానికి డాల్టన్ ట్రంబో రాసిచ్చిన ప్రసంగాన్ని ఆమె పక్కనపెట్టి, కమ్యూనిస్టులకు దూరం జరుగుతూ మాట్లాడింది. ఆ తర్వాత కొన్నేళ్లకి ట్రంబో జైలుకి వెళ్లాడు, పేరు పెట్టుకుని రాయడానికి లేకుండా బహిష్కరణకి గురయ్యాడు. తనకే పని దొరక్కుండా చేసిన ఉత్తరాల రుచి చూసిన మనిషి, ఇతరుల బహిష్కరణ వేళ ఎక్కడ నిలబడింది అన్న ప్రశ్న నన్ను ఇబ్బంది పెడుతుంది.

1950లలో ఆమె పారిస్ వెళ్లి అక్కడే స్థిరపడింది. 1965లో కాన్ చిత్రోత్సవం జ్యూరీకి అధ్యక్షురాలైన మొదటి స్త్రీ ఆమెనే. 2017లో, 101వ ఏట, మళ్లీ కోర్టుకెక్కింది. ఒక టెలివిజన్ సీరియల్‌లో తన పాత్రని పెట్టి, చెల్లెల్ని బూతుమాటతో తిట్టినట్టు చూపించారని, తన అనుమతి తీసుకోలేదని. కింది కోర్టు విచారణకు ఒప్పుకున్నా, 2018 మార్చిలో అప్పీలు కోర్టు కేసు కొట్టేసింది. 2019 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు కూడా వినడానికి నిరాకరించింది. నా మటుకు ఆ తీర్పు సబబే. బతికున్న పెద్దల అనుమతి లేకుండా వాళ్ల గురించి రాయకూడదంటే, నేను ఇవాళ ట్రంబో మాట ఎత్తగలిగేదాన్ని కాదు. ఆ వయసులో వకీలుని పెట్టుకోవాలన్న ఆమె ఓపిక మాత్రం మెచ్చుకోదగ్గదే. 2020 జులై 26న, 104 ఏళ్లు నిండాక, పారిస్‌లో చనిపోయింది.

మన నర్సు సంగతి. కాలిఫోర్నియా తీర్పు మన కోర్టుల్ని కట్టిపడేయదు. మనకి అలాంటి ఏడేళ్ల గీత లేదు. కానీ కొన్ని ఉన్నాయి. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ప్రకారం ఎవరినీ బలవంతంగా ఉద్యోగంలో ఉంచి పని చేయించమని కోర్టు ఆదేశించదు. కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్, మానేశాక వేరే చోట పని చేసుకోకుండా కట్టేసే షరతు చెల్లదంటుంది. 2025 దాకా అమల్లో ఉన్న 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టంలో కూడా, ఆ చట్టం ఇచ్చిన దానికి విరుద్ధంగా ఏ ఒప్పందం ఉన్నా చట్టమే నెగ్గుతుందన్న నియమం ఉండేది. 1982లో ఆసియాడ్ పనివాళ్ల కేసులో సుప్రీంకోర్టు, ఆకలి బలవంతం కూడా బలవంతమేనని, కనీస వేతనం కన్నా తక్కువకి చేయించుకోవడం నిర్బంధ శ్రమేనని చెప్పింది. ఇంకో వైపు 2025 మేలో అదే కోర్టు, విజయా బ్యాంకు కేసులో, మూడేళ్లు చేయాలి, లేకపోతే 2 లక్షలు కట్టాలి అన్న బాండు చెల్లుతుందంది. కాబట్టి బాండులన్నీ చెల్లవని ఎవరికీ ధైర్యంగా చెప్పేయకండి. ప్రతి కాగితం చదవాలి. ఎంత కాలం, ఏ నష్టానికి ఎంత డబ్బు, శిక్షణ నిజంగా ఇచ్చారా, సెలవుల్ని ఏం చేశారు, సర్టిఫికెట్లు ఎవరి దగ్గరున్నాయి, ఇవన్నీ చూడాలి.

మేం ఆసుపత్రికి నోటీసు రాశాం. కాన్పు సెలవుల్ని బాకీగా లెక్కకట్టడం కుదరదని, సర్టిఫికెట్లు ఆమె సొత్తని రాశాం. మూడు వారాలు జవాబు లేదు. తర్వాత ఒక రోజు ఆమెను పిలిచి కవరు చేతిలో పెట్టారు. ఆఖరి నెల జీతం ఇవ్వలేదు. దాని కోసం కేసు వేద్దామంటే ఆమె వద్దంది. కొత్త ఉద్యోగంలో చేరాలి, పిల్లాడికి 7 నెలలు, కోర్టు చుట్టూ తిరగలేనంది. ఆమెతో పాటు అదే బాండు మీద ఉన్న ఇంకో 11 మంది అమ్మాయిల సర్టిఫికెట్లు ఇంకా ఆ బీరువాలోనే ఉన్నాయి. వాళ్లలో ఇద్దరు ఇవాళ మధ్యాహ్నం మనతో మాట్లాడటానికి వస్తామన్నారు. భోజనాలయ్యాక వాళ్ల కాగితాలు అందరం కలిసి చదువుదాం.